పాత పేపర్లలో పోయిన నోటుబుక్కు

ఏమండీ, పండక్కి ఇల్లు దులిపేటప్పుడు మీరంతా ఏం చేస్తారు? పాత పేపర్లు, పిల్లల పోయినేటి నోటుబుక్కులు, చిరిగిన అట్టపెట్టెలు అన్నీ ఒక మూల పోగేస్తారు. వీధిలో పాత పేపర్లతని కేక వినపడగానే పిలిచి తూకం వేయించేస్తారు. నేనూ అదే చేశాను. సంక్రాంతికి ముందు వారం, కిలో 12 రూపాయల చొప్పున 14 కిలోలకి 168 రూపాయలు చేతికొచ్చాయి. ఇల్లు ఖాళీ అయినందుకు సంతోషం, డబ్బులొచ్చినందుకు ఇంకొంచెం సంతోషం. ఆ డబ్బుతోనే మోండా మార్కెట్‌లో బెల్లం, నువ్వులు కొనుక్కొచ్చి అరిసెలు వండాను. చెప్పొద్దూ, ఈ ఏడు అరిసెలు చక్కగా కుదిరాయి.

కానీ మా అమ్మాయి వాటిని ముట్టుకోలేదు.

అది ఇంటర్ రెండో సంవత్సరం, ఎం.పి.సి. ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాల బీరువా ముందు కాసేపు నిలబడి, "అమ్మా, ఇక్కడ నీలం అట్ట పుస్తకం ఉండాలి" అంది. "ఫిజిక్స్ అని రాసి ఉన్నదా? అది ఫస్టియర్‌ది కదే, పేపర్లతనికి వేసేశాను" అన్నాను, చేతిలో పిండి ముద్ద వత్తుకుంటూనే. అది అరవలేదు, ఏడవలేదు. లోపలికెళ్ళి కూర్చుంది. అరిచినా బాగుండేది. రాత్రి మా చిన్నాడు వచ్చి చెవిలో చెప్పాడు. "అక్క ఆ పుస్తకం వెనక పేజీల్లో కవితలు రాసుకుంటుందమ్మా. కాలేజీలో లంచ్ టైములో ఫ్రెండ్స్‌కి చదివి వినిపిస్తుంది కూడా."

మర్నాడు పొద్దున్నే చిలకలగూడలో ఆ పేపర్లతను సరుకు వేసే కొట్టుకి పరిగెత్తాను. "నిన్న రాత్రే బండెక్కిందమ్మా, ఇగ దొరకది" అన్నాడు కొట్టతను. గోతాలు రెండు విప్పి చూపించాడు కూడా, పాపం. అందులో ఎవరెవరి పిల్లల చేతిరాతలో ఉన్నాయి గానీ మా పిల్లది లేదు.

మీ దగ్గర దాచడం ఎందుకు? ఆ పుస్తకం తూకంలో వేసే ముందు నేనొక పేజీ చూశాను. కాలేజీ బస్సు గురించి, గోడకి అంటించే ర్యాంకుల కాగితం గురించి పొట్టి పొట్టి లైన్లలో ఏదో ఉంది. "చదువుకోమని వేలకి వేలు ఫీజులు కడితే ఈ వేషాలా" అని విసుక్కుని, గట్టిగా మూసి పోగులో వేశాను. తెలియక చేసిన తప్పు కాదు, కొంచెం తెలిసే చేశాను. అది నా మనసుని తొలుస్తోంది.

మా అమ్మ మాతోనే ఉంటుంది. అంతా విని ఆవిడ ఒక్క మాటే అంది. "మీ నాన్న కాయితాలు అన్నేళ్ళు మోశాను. ఒక్కటీ అమ్మలేదు."

నిజమే. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ఆయన ట్రంకుపెట్టెలో పెళ్ళినాటి పంచెల కింద న్యూస్‌పేపరు అట్ట వేసిన ఒక పుస్తకం ఉండేది. చిన్నప్పుడు దాని మీద చెయ్యి వేస్తే మా అమ్మ కసిరేది. అందులో ఏముందో పెళ్ళయ్యేదాకా నాకు తెలియదు. అది దిగంబర కవుల పుస్తకం. ఆ పేరు ఎత్తితేనే ఆవిడ మొహం చిట్లించేది. "ఆ పేరేమిటి, ఆ భాషేమిటి, సంసారుల ఇంట్లో ఉండాల్సిన పుస్తకమేనా అది" అనేది. అయినా నాలుగు అద్దె ఇళ్ళు మారినప్పుడు నాలుగుసార్లూ ఆ పెట్టె భద్రంగా ఎక్కించింది. ఏడో తరగతి చదివిన మా అమ్మ తనకి నచ్చని పుస్తకాన్ని దాచింది. ఇంటర్ చదివిన నేను నా కూతురి పుస్తకాన్ని అమ్మాను. అదండీ తేడా.

ఇంతకీ ఎవరీ దిగంబర కవులు? ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు, మనలో చాలామందికీ పేరు వినడమే గానీ సంగతి తెలియదు. ఈ జంట నగరాల్లోనే, 1965లో, ఆరుగురు కుర్రాళ్ళు కలిశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 18 ఏళ్ళు. చదువుకున్నవాళ్ళకి ఉద్యోగాల్లేవు, పెద్దలు సభల్లో చెప్పే మాటలకీ బజారులో కనిపించే బతుకుకీ పొంతన లేదు. కవిత్వం చూస్తే వెన్నెల, మల్లెపూలు దాటి రావడం లేదని వాళ్ళకి కోపం. ముందుగా వాళ్ళు చేసిన పని ఏమిటంటే, అమ్మానాన్నలు పెట్టిన పేర్లు పక్కన పెట్టేశారు. హృషీకేశవరావు నగ్నముని అయ్యాడు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు. రాఘవాచార్యులు జ్వాలాముఖి, భాస్కరరెడ్డి చెరబండరాజు, మన్మోహన్ సహాయ్ భైరవయ్య, వెంకటేశ్వరరావు మహాస్వప్న. పేరు చూస్తే కులం తెలియకూడదని, పాత పేరుతో పాటు పాత ప్రపంచాన్నీ విదిలించుకోవాలని వాళ్ళ పట్టుదల. దిగంబర అంటే ఒంటిమీద బట్టల్లేకుండా తిరగడం కాదు, మనసు మీద కప్పుకున్న ముసుగులు తీసేయడం అని వాళ్ళ ఉద్దేశం.

వాళ్ళు పంచాంగం కూడా సొంతంగా పెట్టుకున్నారంటే నవ్వొస్తుంది. మనకి వసంతం, గ్రీష్మం ఉన్నట్టు వాళ్ళకీ ఆరు రుతువులు. ఆశ, తపన, అశ్రువు, మదిర, విరహం, విషాదం. వాళ్ళ కవితల్ని కవితలు అనలేదు, దిక్కులు అన్నారు. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు కదండీ, అలాగే ఉంటుంది. మనింట్లో పిల్లలు గది తలుపు మీద "లోపలికి రావద్దు" అని రాసుకోవడం లేదూ?

మొదటి పుస్తకాన్ని 1965 మే 6న అర్ధరాత్రి, హైదరాబాద్‌లో ఆవిష్కరించారు. ఎవరి చేత? ఏ మంత్రిగారి చేతో, ఏ ప్రొఫెసర్ చేతో కాదు. నాంపల్లి పాండు అనే రిక్షా తొక్కే మనిషి చేత. రెండోది 1966 డిసెంబరులో విజయవాడలో, జంగాల చిట్టి అనే హోటలు పనివాడి చేత. మూడోది 1968లో విశాఖపట్నంలో, బిచ్చమెత్తుకునే ఒక స్త్రీ చేత. మూడు పుస్తకాలు, మూడేళ్ళు, అంతే. కానీ ఆ మూడేళ్ళూ తెలుగుదేశమంతా దద్దరిల్లింది. పండితులు తిట్టారు. అది కవిత్వమే కాదన్నారు, పిచ్చికేకలన్నారు. మా నాన్నగారిలాంటి కుర్రాళ్ళు మాత్రం కొనుక్కుని చేతులు మార్చుకుని చదివారు.

తర్వాత ఎవరి దారి వారిదయింది. వాళ్ళలో కొందరు 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరారు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను ప్రభుత్వం ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెడితే హైకోర్టు విడుదల చేసింది. ఘట్‌కేసర్ దగ్గర అంకుశాపురంలో పుట్టిన చెరబండరాజు బడిపంతులుగా పనిచేశాడు, పాటలు కట్టాడు. మెదడులో కణితితో 1982 జులై 2న చనిపోయాడు. అప్పటికి 38 ఏళ్ళు. జ్వాలాముఖి 2008లో పోయారు. నిఖిలేశ్వర్‌కి 'అగ్నిశ్వాస' పుస్తకానికి 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. చూశారా, కుర్రతనంలో పిచ్చికేకలని తిట్టించుకున్న మనిషికి ఎనభై దాటాక శాలువా కప్పారు! పిల్లలు ఏదైనా గట్టిగా అంటే మనం చెవులు మూసుకుంటాం, వాళ్ళ జుట్టు నెరిసేదాకా ఆగి అప్పుడు చప్పట్లు కొడతాం.

ఇంతచెప్పి ఇంకో మాట చెప్పకపోతే మీకూ నాకూ అన్యాయం చేసినట్టే. మా అమ్మ మొహం చిట్లించడం ఉత్త చాదస్తం కాదు. నాన్నగారు పోయాక నేనా పుస్తకం తీసి చదివాను. కొన్నిచోట్ల ఒళ్ళు జలదరించింది, కొన్నిచోట్ల నిజంగానే చిరాకేసింది. లోకాన్ని తిట్టడానికి ఆడదాని ఒంటిని అడ్డం పెట్టుకోవడం ఎందుకు? ఆరుగురూ మగవాళ్ళే మరి. ఊరి యువతరం గొంతు మాదే అన్నవాళ్ళలో ఒక్క ఆడపిల్ల గొంతూ లేదు. ఈ మాట నా సొంతం కాదు, తర్వాత వచ్చిన స్త్రీవాద రచయిత్రులు గట్టిగానే అడిగారు. ఆ గొంతు వినడానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' అని ఆడవాళ్ళ కవితల సంకలనం వచ్చింది. విమల అయితే ఏకంగా వంటింటి మీదే కవిత రాశారు, దాని పేరే 'వంటిల్లు'. వంటల పేజీలున్న మన వారపత్రికలో ఆ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. పోపు పెట్టే చేతులకి చెప్పుకోవాల్సిన మాటలుండవా? ఉంటాయి. చాకలి పద్దు వెనకాల, పాలపుస్తకం అంచుల్లో మన తరం ఆడవాళ్ళు ఎన్ని రాసుకుని చింపేసుకోలేదు!

మీరనుకుంటున్నది నాకు తెలుసు. "కవిత్వం కూడు పెడుతుందా?" అని. నేనూ అదే అనుకున్నాను, అందుకే పుస్తకం తూకంలో వేశాను. ఆ భయం వట్టిది కాదు. జనవరి 12 వచ్చిందంటే పేపర్లో ఒక మూల అలిశెట్టి ప్రభాకర్ ఫొటో వేస్తారు, ఎప్పుడైనా గమనించారా? జగిత్యాల మనిషి. ఫొటోలు తీసే పని, బొమ్మలు వేసే చెయ్యి. బతుకుతెరువుకి హైదరాబాద్ వచ్చాడు. ఇక్కడి ఇరుకుగదులు, ఫుట్‌పాత్‌లు, బస్సులు, ఆకలి అన్నీ చూసి నాలుగైదు లైన్లలో చురుక్కుమనేటట్టు రాసేవాడు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' పేరుతో ఏళ్ళ తరబడి వచ్చాయి అవి. ఊరు తనకి సరిగ్గా అన్నం పెట్టకపోయినా ఊరి బాధంతా తనే మోసుకున్నాడు. క్షయ జబ్బు చేసి 1993 జనవరి 12న, నలభై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. అది ఆయన పుట్టినరోజు కూడా. భార్య, పిల్లలు మిగిలారు. మందుల ఖర్చు, ఇంటి అద్దె ఎలా గడిచాయో ఆ ఇల్లాలికే తెలియాలి. కవుల గురించి సభల్లో చాలామంది మాట్లాడతారు గానీ, కవి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఎవరూ అడగరు.

కాబట్టి నేను మీకు "పిల్లల్ని చదువు మానిపించి కవుల్ని చేయండి" అని చెప్పడం లేదు. చదువూ ఉండాలి, చేతిలో పనీ ఉండాలి. చెరబండరాజు బడిలో పాఠాలు చెబుతూనే రాశాడు. నగ్నముని శాసనసభలో ఉద్యోగం చేస్తూనే రాశారు. అలిశెట్టిని తీసుకుపోయింది కవిత్వం కాదు, క్షయ, పేదరికం. ఆ రెంటినీ కవిత్వం ఖాతాలో వేయడం మన భయం చేసే పని.

లెక్కలకీ కవిత్వానికీ పడదంటారా? ఈ ఊరి పిల్ల సంగతే ఇంకొకటి వినండి. 1879లో హైదరాబాద్‌లోనే పుట్టిన సరోజినీ నాయుడుకి 11 ఏళ్ళప్పుడు ఆల్‌జీబ్రా లెక్క ఒకటి ఎంతకీ కుదర్లేదట. నిట్టూరుస్తూ కూర్చుంటే లెక్కకి బదులు పద్యం వచ్చిందట. అది రాసేసుకుంది. వాళ్ళ నాన్నగారు అఘోరనాథ్ చటోపాధ్యాయ పెద్ద చదువరి, నిజాం కాలేజీకి మూలమైన కాలేజీని నడిపిన మనిషి. కూతురు గణిత శాస్త్రవేత్తో సైంటిస్టో కావాలని ఆయన కోరిక. అచ్చం మనలాగే కదండీ! అయినా ఆ పద్యాల కాగితం ఎవరూ పాత పేపర్లలో వేయలేదు. ఆ పిల్ల 12 ఏళ్ళకే మద్రాసు మెట్రిక్ పాసయింది కూడా. 1905లో మొదటి పుస్తకం వేసింది. ఆ పుస్తకం పేరు గోల్డెన్ త్రెషోల్డ్, అంటే బంగారు గడప. అబిడ్స్ దగ్గర వాళ్ళ ఇంటికీ అదే పేరు. హైదరాబాద్ యూనివర్సిటీ మొదట్లో ఆ ఇంట్లోనే నడిచింది.

ఇప్పటి పిల్లలు రాయడం లేదనుకుంటే పొరపాటు. కవి యాకూబ్ 2012లో 'కవిసంగమం' మొదలుపెట్టి మూడు తరాల కవుల్ని ఒకే వేదిక ఎక్కించారు. పండినవాళ్ళ పక్కనే నిన్నగాక మొన్న కలం పట్టిన కుర్రవాళ్ళూ నిలబడి చదివారు. మన జంట నగరాల అమ్మాయి మెర్సీ మార్గరెట్‌కి 'మాటల మడుగు' పుస్తకానికి 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. 35 ఏళ్ళలోపు వాళ్ళకిచ్చే పురస్కారం అది. 1965లో ఆరుగురు మగపిల్లల మధ్య కనపడని ఆడపిల్ల ఇప్పుడు ముందు వరసలోకి వచ్చింది. మా అమ్మాయి కాలేజీలో లంచ్ బాక్సు పక్కన పెట్టుకుని చదివి వినిపిస్తోందంటే, అదీ ఆ వరసలో ఎక్కడో చివర్న నిలబడినట్టే.

ఇక అసలు సంగతి. ఈ పిల్లలు ఏం రాస్తున్నారు? వెన్నెలా? కాదు. ర్యాంకుల కాగితం, ఉక్కపోసే క్లాసుగది, పొద్దున ఆరింటి బస్సు, ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు, ఆ కొద్దిరోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పేపర్లలో చదివి గుండెలు బాదుకున్నాం. ఆ పిల్లల్లో ఎంతమంది ఏ నోటుబుక్కు చివర ఏం రాసుకున్నారో, ఎవరికైనా చూపించారో లేదో! మనసులో ఉన్నది కాగితం మీద పెట్టగలిగిన పిల్లకి ఊపిరాడటానికి ఒక కిటికీ ఉన్నట్టు. నేను ఆ కిటికీ మూసేసి, కిలో 12 రూపాయలకి అమ్మేశాను.

నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను, మీకు పనికొస్తే సరి. పుస్తకం పాతదైనా సరే, పిల్లల్ని అడగకుండా పారేయకండి. కంటపడితే చదివేసి, బంధువుల ముందు "మా వాడు కవిగారండోయ్" అని నవ్వులపాలు చేయకండి. వాళ్ళంతట వాళ్ళు చూపిస్తే తప్పులు దిద్దకుండా ముందు మొత్తం వినండి. అందులో మీ మీద కోపం కనిపిస్తే పౌరుషానికి పోకండి, మొహం మీద అనలేకే అక్కడ రాసుకున్నారు. చావు గురించి, బతకాలని లేకపోవడం గురించి రాసుంటే మాత్రం "ఏదోలే, కవిత్వం" అని వదిలేయకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా, సూటిగా అడగండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నెలకోసారి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకో, డిసెంబరులో బుక్ ఎగ్జిబిషన్‌కో వెంట తీసుకెళ్ళండి. సినిమాకయ్యే ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

మా ఇంటి సంగతా? కనుమ నాడు మధ్యాహ్నం మా అమ్మ ట్రంకుపెట్టె తెరిపించి, పంచెల కింద నుంచి ఆ పుస్తకం తీసి మనవరాలి చేతిలో పెట్టింది. "తాతయ్య కూడా రాసేవాడా అమ్మమ్మా?" అని అడిగింది ఇది. "రాసేవాడో లేదో నాకు తెలీదు. ఇది చదివిన రాత్రి మాత్రం నిద్రపోకుండా డాబా మీద తిరిగేవాడు. నాకు నచ్చదు అది. నీకు నచ్చుతుందేమో చూసుకో" అంది ఆవిడ. నాలుగు రోజుల తర్వాత మా ఇంట్లో ఆ పిల్ల గొంతు వినపడటం అదే.

నేను రాష్ట్రపతి రోడ్డుకెళ్ళి 200 పేజీల తెల్లకాగితాల పుస్తకం ఒకటి తెచ్చి దాని బల్ల మీద పెట్టాను. "పాతది తెచ్చివ్వలేను, తప్పు నాది. ఒక పేజీ చూసి కూడా వేసేశాను" అని చెప్పాను. తలెత్తి నా వంక చూసింది గానీ ఏమీ అనలేదు. క్షమించిందో లేదో తెలియదు. పోయిన కవితలు మళ్ళీ రాసుకుంటుందో, గుర్తున్నాయో లేదో, అదీ తెలియదు. అడగడం లేదు.

మొన్న బల్ల తుడుస్తుంటే ఆ పుస్తకం చేతికి తగిలింది. తెల్లగా ఉన్న అట్ట మీద ఇప్పుడు పెద్ద అక్షరాలతో 'కెమిస్ట్రీ' అని రాసి ఉంది. నాలో నేనే నవ్వుకున్నాను. దుమ్ము తుడిచి, తెరవకుండా ఎక్కడ తీశానో అక్కడే పెట్టేశాను.

ఈసారి పాత పేపర్లతన్ని పిలిచేముందు, వదినగారూ, ఫిజిక్స్, కెమిస్ట్రీ అని రాసి ఉన్న పుస్తకాలన్నీ ఫిజిక్సూ కెమిస్ట్రీ అనుకోకండేం! ఉంటాను మరి.